అలివేలు: ఈ పేరు ఎక్కడిది, ఇప్పుడెందుకు ఎవరూ పెట్టడం లేదు?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. మా అక్కకి ఈమధ్యే పాప పుట్టింది. మా నాయనమ్మ పేరు అలివేలు మంగతాయారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. పాపకి ఆ పేరు కలిసేలా పెట్టాలని అక్క పట్టుబడుతోంది. ఇంట్లో మాత్రం తలో మాట అంటున్నారు. బావగారు "అది అరవం పేరు, మన పేరు కాదు" అంటారు. మా పెద్దమ్మ "అల మేలు, అంటే ఆ మంచి అని అర్థం" అంటుంది. మా పిన్ని "అలమేలు వేరు, అలివేలు వేరు" అంటుంది. వీటిలో ఏది నిజం? ఒకప్పుడు మా వైపు వీధికొక అలివేలు ఉండేదట. ఇప్పుడు స్కూల్లో చదివే పిల్లల్లో ఈ పేరున్న ఒక్క పిల్ల కూడా నాకు తెలీదు. తెలిసినవాళ్ళు చెప్తారా?

నల్లగొండ చెలక:
మీ వైపే కాదండీ, మా వైపు కూడా బాగానే ఉండేది. మా ఊళ్ళో యాభై దాటిన ఆడవాళ్ళలో అలివేలమ్మలు, అలివేలులు ఇప్పటికీ ఉన్నారు. కొందరు అలువేలు అని కూడా పిలుస్తారు. అర్థం ఎవరినడిగినా "వెంకన్న పెళ్ళాం పేరు" అంటారు, అంతకుమించి చెప్పరు. అందుకే ఇది ఆంధ్ర వైపు పేరనో, అయ్యంగార్ల పేరనో ఎవరైనా అంటే నాకు వింతగా ఉంటుంది. మా దగ్గర అన్ని కులాల్లోనూ ఉంది.

శబ్దమూలం:
గోదారి గట్టు గారూ, మీ బావగారి మాటలోనూ, పెద్దమ్మగారి మాటలోనూ కొంత నిజం ఉంది. కొంచెం వివరంగా రాస్తాను.

మూలరూపం తమిళంలో "అలర్‌మేల్ మంగై". అలర్ అంటే విచ్చుకున్న పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే యువతి. పువ్వు మీద కొలువైన అమ్మాయి, అంటే తామర మీది లక్ష్మి. ఈ మాట ఎవరో ఇంట్లో పిల్లకి పెట్టుకున్న పేరుగా పుట్టలేదు. దేవుడి ముందు పాడిన పాటలోంచి వచ్చింది. తమిళ వైష్ణవ భక్తకవులైన ఆళ్వార్లలో ఒకరు నమ్మాళ్వారు. ఆయన తన తిరువాయ్‌మొళి అనే గ్రంథంలో ఆరో పత్తులో (పత్తు అంటే పది దశకాల భాగం) పదో దశకం మొత్తం తిరుమల స్వామి మీదే పాడారు. దాని చివరి పాశురాల్లో, అంటే పద్యాల్లో, ఒకటి "అగలగిల్లేన్ ఇఱైయుమ్ ఎన్ఱు అలర్‌మేల్ మంగై ఉఱై మార్బా" అని మొదలవుతుంది. "ఒక్క క్షణం కూడా నిన్ను విడిచి ఉండలేను అంటూ అలర్‌మేల్ మంగై నివసించే వక్షస్థలం కలవాడా" అని దాని భావం. నమ్మాళ్వారు 8, 9 శతాబ్దాల ప్రాంతం వారని పండితులు ఎక్కువమంది అంటారు. శ్రీవైష్ణవులకి ఇది శరణాగతి పాశురం. వాళ్ళ నోట నిత్యం పలికే పాశురంలో ఈ పేరు ఉంది. తిరుమల కొండ తెలుగు, తమిళ దేశాల సరిహద్దు మీదుంది. ఇక ఆ మాట తెలుగు చెవిన పడకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు రూపం సంగతి. అలర్‌మేల్‌లో మధ్య ఉన్న రేఫ, అంటే ర్, పలకడంలో జారిపోయి అలమేల్ అయింది. తెలుగు నోటికి హల్లుతో ఆగిపోయే మాట నిలవదు, చివర ఉకారం చేరాలి. అలా అలమేలు. తర్వాత మధ్య అచ్చు మారి అలిమేలు. మధ్య అచ్చులు మారడం తెలుగులో మామూలే, మనిషి మనుషులు అయినట్టు. ఇక రెండు అచ్చుల మధ్య మకారం వకారం కావడం మీకు రోజూ వినిపించేదే: మామ మావ, మామిడి మావిడి. అలిమేలు అలివేలు అయింది. కాబట్టి మీ పిన్నిగారికి చెప్పండి, అలమేలు, అలిమేలు, అలివేలు మూడూ ఒకే పేరు. అలివేలు తప్పు ఉచ్చారణ కాదు, పూర్తిగా తెలుగు నోట తయారైన రూపం.

మీ పెద్దమ్మగారి "మేలు" మాట కూడా కొట్టిపారేయదగ్గది కాదు. తమిళ మేల్, తెలుగు మేలు ఒకే ద్రావిడ ధాతువుకి పిల్లలు. పైన ఉన్నది, గొప్పది, మంచిది అని అర్థం నడిచింది. ఈ పేరులో మాత్రం "మీద" అనే అర్థమే.

ఒంగోలు గిత్త:
అంటే బావగారు గెలిచినట్టేగా? తమిళం అని తేలిపోయింది. పిల్లకి మంచి తెలుగు పేరు పెట్టుకోవచ్చుగా.

శబ్దమూలం:
గిత్త గారూ, అలా తేలిపోలేదండీ. అలర్ తమిళానికి ఒక్కదానికే చెందిన మాట కాదు. మన పాత కావ్యాల్లో అలరు అంటే పువ్వే. మన్మథుణ్ణి అలరువిలుకాడు అన్నారు, అంటే పూల విల్లు పట్టినవాడు. ఇప్పటికీ "పాట అందరినీ అలరించింది" అంటున్నామంటే ఆ ధాతువే పలుకుతున్నాం. విచ్చుకోవడం నుంచి సంతోషించడం అనే అర్థం వచ్చింది. అలరు తెలుగు, మేలు తెలుగు. మంగ ఒక్కటే తమిళం నుంచి నేరుగా వచ్చింది.

పైగా "మంచి తెలుగు పేర్లు" అని మనం అనుకునే వాటిలో ఎక్కువ సంస్కృతం. సరస్వతి, పార్వతి, సుజాత, లలిత, అన్నీ అంతే. వాటిని ఎవరూ పరాయివి అనరు. సంస్కృతం నుంచి వస్తే మనది, పక్కింటి తమిళం నుంచి వస్తే పరాయిది అనడం నాకు న్యాయంగా తోచదు.

వెన్నెల పుస్తకం:
చిన్న సందేహాలు. మంగ అనేది మంగళకి పొట్టి రూపం కాదా? మా ఇంట్లో మంగమ్మ అంటే మంగళప్రదమైనది అనే చెప్పారు. అలాగే అలివేలు అంటే అలివేణి అని, తుమ్మెదల్లాంటి నల్లని జడ కలది అని ఒక పేర్ల పుస్తకంలో చదివాను.

శబ్దమూలం:
అలివేణి వేరే మాట. అళి అంటే తుమ్మెద, వేణి అంటే జడ, రెండూ సంస్కృతం. అందమైన పదమే కానీ అలివేలుకి దానికి చుట్టరికం లేదు. వినడానికి దగ్గరగా ఉన్నాయని పేర్ల పుస్తకాలు రాసేవాళ్ళు కలిపేస్తారు.

మంగ విషయానికొస్తే, తమిళంలో ఆడపిల్ల వయసుని ఏడు దశలుగా చెప్పే సంప్రదాయం ఉంది: పేదై, పెదుంబై, మంగై, మడందై, అరివై, తెరివై, పేరిళంపెణ్. అందులో మూడోది మంగై, అప్పుడే యవ్వనంలోకి అడుగుపెడుతున్న పిల్ల. అలమేలుమంగలోని మంగ అది. మంగళ అనే ధ్వని కూడా తోడు రావడంతో మన వాళ్ళకి ఆ పేరు మరింత నచ్చి ఉంటుంది. మీ ఇంట్లో చెప్పిన అర్థం పెట్టుకున్నవాళ్ళ మనసులోది. పేరుకి ఆ అర్థమూ ఉండనివ్వండి, మూలం మాత్రం ఇదీ అని తెలిసి ఉంటే చాలు.

మంగాపురం దారి:
మాది తిరుపతి దగ్గరే. తిరుచానూరుని మా పెద్దవాళ్ళు అలమేలు మంగాపురం అనే అంటారు. ఊరికే ఆ పేరుంది చూడండి. శ్రీనివాస మంగాపురం ఇంకోటి, అక్కడ కల్యాణ వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. బయటి నుంచి వచ్చేవాళ్ళు ఈ రెండింటినీ కలిపేసుకుంటుంటారు.

తిరుచానూరులో పద్మసరోవరం ఉంది. అందులో బంగారు తామరలో అమ్మవారు వెలిశారని స్థలపురాణం. కార్తీక శుద్ధ పంచమి ఆ రోజు, అదే పంచమీతీర్థం. కార్తీక బ్రహ్మోత్సవాల చివరి రోజున కొండ మీంచి స్వామివారి తరఫున అమ్మవారికి సారె వస్తుంది, పసుపు, కుంకుమ, చీర. ఆ రోజు కోనేట్లో మునగడానికి వచ్చే జనంలో ఆడవాళ్ళే ఎక్కువ. పిల్లలు లేనివాళ్ళు మొక్కుకుంటారు, ఆడపిల్ల పుడితే అమ్మ పేరు పెడతామని. ఒకప్పుడు ఆ మొక్కు పేర్లు అలివేలు, మంగ, మంగతాయారు. ఇప్పుడు అదే మొక్కుకి పద్మావతి అనో, పద్మజ అనో, శ్రీపద్మ అనో పెడుతున్నారు.

ఇంకొక విషయం. పద్మావతి కథ వేరేగా ఉంది కదా. ఆకాశరాజు బంగారు నాగలితో భూమి దున్నుతుంటే తామరలో పాప దొరికింది, నారాయణవనంలో పెరిగింది, శ్రీనివాసుణ్ణి పెళ్ళాడింది అని వేంకటాచల మాహాత్మ్యంలోది. పాశురంలోని అలర్‌మేల్ మంగై మాత్రం స్వామి గుండెల మీదుండే లక్ష్మి. తిరుచానూరు అమ్మవారిలో ఇద్దరూ ఒకటైపోయారు. భక్తులకి తేడా లేదు. పేరు పెట్టేవాళ్ళకి మాత్రం తేడా ఉంది, ఎందుకంటే ఒకే అమ్మవారికి ఒకటి సంస్కృతం పేరు, ఒకటి దేశిపేరు. ఇవాళ పద్మావతి గెలిచింది.

తాళపత్రం:
ఈ చర్చలో అన్నమయ్య ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నాను. ఈ పేరు తెలుగు ఇళ్ళలోకి రావడానికి ఆళ్వార్ల పాశురం ఒక దారి అయితే, తాళ్ళపాక వారి, అంటే అన్నమయ్య ఇంటివాళ్ళ, పదాలు (పాటలు) పెద్ద రహదారి.

అన్నమయ్య (1408–1503) సంకీర్తనలు 32 వేలని చెప్తారు. రాగిరేకుల మీద మనకి మిగిలినవి 12 వేలకి పైనే. శృంగార సంకీర్తనల్లో నాయిక ఎక్కువగా అలమేలుమంగే. రేకుల్లో ఆ పేరు ఎన్ని వేషాల్లో కనపడుతుందో చూడాలి. అలమేలుమంగ, అలమేల్మంగ, సంధిలో కలిసి నలమేలుమంగ, యలమేలుమంగ. పాటలో ఒదగడానికి ఆ పేరు ఎటు వంచితే అటు వంగింది. లకారాలు, మకారాలు, ఒక దీర్ఘం, చివర సున్నతో కూడిన గ. పాడి చూడండి, నాలుకకి ఎక్కడా గట్టి అక్షరం తగలదు. ఈ పేరు అంతమందికి నచ్చడానికి అర్థం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. అర్థం తెలియని నల్లగొండ చెలక గారి ఊళ్ళో కూడా పెట్టుకున్నారంటే, ఆ ధ్వనికి ఉన్న బలం అది.

అన్నమయ్య మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రలో ఒక ఘట్టం ఉంది. ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఇల్లు వదిలి తిరుమల బయల్దేరాడు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆకలితో, అలసటతో సొమ్మసిల్లి చెప్పులతోనే ఒక బండ మీద పడి నిద్రపోయాడు. అమ్మవారు పెద్ద ముత్తైదువ రూపంలో వచ్చి, ఈ కొండంతా సాలగ్రామమయం నాయనా, చెప్పులు విడిచి చూడు అని చెప్పి, ప్రసాదం పెట్టి ఆకలి తీర్చింది. అక్కడికక్కడే ఆ పిల్లవాడు ఆమె మీద శతకం చెప్పాడు. తెలుగు పదకవితా పితామహుడు పసితనంలోనే అలమేలుమంగ మీద పద్యాలు చెప్పాడని ఆ ఇంటివాళ్ళే రాసుకున్నారు. బావగారికి ఇది కూడా చెప్పండి.

మైసూరు తెలుగమ్మాయి:
మా కర్ణాటకలో ఈ పేరు వింటే జనానికి ముందు గుర్తొచ్చేది అమ్మవారు కాదు, అలమేలమ్మ శాపం. 1610లో మైసూరు రాజు రాజ ఒడెయరు శ్రీరంగపట్టణాన్ని తీసుకున్నాడు. అంతకుముందు అక్కడ విజయనగర రాజప్రతినిధి పాలన. ఆ ప్రతినిధి భార్యే అలమేలమ్మ. ఆమె దగ్గరున్న నగలు శ్రీరంగపట్టణం రంగనాయకి అమ్మవారి అలంకారానికి ఇచ్చేవారు. ఆ నగల కోసం రాజు మనుషుల్ని పంపితే ఆమె మాలంగి దగ్గర కావేరిలో దూకిందని కథ. దూకే ముందు శపించింది: తలకాడు మరళాగి, మాలంగి మడువాగి, మైసూరు దొరెగళిగె మక్కళాగదె హోగలి. తలకాడు ఇసక మేట కావాలి, మాలంగి మడుగు కావాలి, మైసూరు దొరలకి పిల్లలు లేకపోవాలి.

కావేరి ఒడ్డున ఉన్న తలకాడులో గుళ్ళు నిజంగానే ఇసకలో కూరుకుపోయి ఉంటాయి. ఆ వంశంలో దత్తతలు చాలా జరిగాయి. మైసూరు ప్యాలెస్‌లో అలమేలమ్మ విగ్రహం పెట్టి పూజ చేస్తారు. శాపం సంగతి ఎవరి నమ్మకం వారిది. పేరు గురించి దీనివల్ల తెలిసేది ఏమిటంటే, నాలుగు వందల ఏళ్ళ కింద ఒక పెద్దింటి మనిషికి అలమేలమ్మ అని పేరున్నట్టు జనం తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఇంత కథ ఉన్నా కన్నడంలో ఎవరూ ఈ పేరుని అశుభం అని వదిలేయలేదు.

తాళపత్రం:
చాలా మంచి ఉదాహరణ. మంగ వైపు చూస్తే మధుర నాయక రాజ్యాన్ని మనవడి తరఫున ఏలిన రాణి మంగమ్మ ఉంది. 1689లో పాలన చేతిలోకి తీసుకుంది. తమిళులు మంగమ్మాళ్ అంటారు, రోడ్లు, సత్రాలు వేయించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. పాత రూపం దాదాపు చెక్కుచెదరకుండా ఉన్న పేరు కావాలంటే భరతనాట్య కళాకారిణి అలర్‌మేల్ వల్లి గారు, 2004లో పద్మభూషణ్ అందుకున్నారు. మంగై బదులు వల్లి, అంటే తీగ.

ఒంగోలు గిత్త:
సరే, పేరు గొప్పదే. ఒప్పుకుంటున్నా. కానీ అసలు ప్రశ్న రెండోది కదా, ఇంత గొప్ప పేరు ఎందుకు పోయింది? తిరుమలకి భక్తి తగ్గిందా? రోజూ క్యూలు చూస్తూనే ఉన్నాం. అమ్మవారికి భక్తులు పెరిగి, ఆ పేరు పెట్టుకునేవాళ్ళు తగ్గడం ఎలా జరుగుతుంది?

లెక్కల మాస్టారు:
ముందు ఒక జాగ్రత్త. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ శాఖ 1880 నుంచి పుట్టిన పిల్లల పేర్ల లెక్కలు బయటపెడుతుంది. ఫలానా పేరు ఏ ఏడు ఎంతమందికి పెట్టారో చూసుకోవచ్చు. మన జనాభా లెక్కల్లో అలాంటి పేర్ల జాబితా ఇవ్వరు. కాబట్టి ఇక్కడ ఎవరైనా "ఇన్ని లక్షల అలివేలులు" అంటే నమ్మకండి.

మనకి ఉన్న మంచి ఆధారం ఓటర్ల జాబితా. పేరు పక్కన వయసు ఉంటుంది కాబట్టి ఒక ఊరి జాబితా తీసుకుని వయసువారీగా చదివితే పేర్ల ఫ్యాషన్ ఎలా మారిందో కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. నేను మా మండలంలోవి కొన్ని చదివాను. అలివేలు, మంగమ్మ, తాయారమ్మ పెద్ద వయసు వాళ్ళ దగ్గర ఉంటాయి. వాళ్ళ కూతుళ్ళ వయసుకి పద్మ, పద్మావతి, విజయలక్ష్మి, నాగమణి వస్తాయి. ఆ తర్వాత స్వాతి, శిరీష, మౌనిక. కొత్తగా ఓటు వచ్చిన పిల్లల్లో అన్నీ రెండు మూడక్షరాల పేర్లే. ఇది మా మండలం సంగతి, వేరే చోట్ల వేరేగా ఉండొచ్చు.

పెంకుటిల్లు:
గిత్త గారి ప్రశ్నకి నా జవాబు: చివరి "లు".

పాత తెలుగు ఆడవాళ్ళ పేర్లలో ఒక వరస ఉంది. రత్తాలు, ముత్యాలు, వరాలు, పగడాలు, నూకాలు. ఇవన్నీ లు-తో ముగుస్తాయి. అలివేలు మూలంలో ఆ లు బహువచనం కాకపోయినా వినేవాళ్ళకి ఆ వరసలోనే పడింది. ఈ వరస మొత్తాన్ని సినిమాలూ నాటకాలూ పనిమనిషి పేర్లుగా, పల్లెటూరి హాస్యపాత్రల పేర్లుగా వాడి వాడి పలచన చేశాయి. పట్నం వెళ్ళి చదువుకున్న తరం ఆ పేర్లంటే బెదిరిపోయింది. కూతురికి రత్తాలు అని పెట్టడానికి ఎంత జంకుతారో అలివేలు అని పెట్టడానికీ అంతే. పద్మావతికి ఆ బెడద లేదు. అమ్మవారు మారలేదు, పేరు చివర ధ్వని మారింది. కష్టం చేసుకుని బతికే ఆడవాళ్ళ పేర్లని నవ్వులాటకి వాడటం మీద నాకు చాలా కోపం ఉంది, ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆ నవ్వులో మన అమ్మమ్మల పేర్లు కొట్టుకుపోయాయి.

మగవాళ్ళలో ఏడుకొండలు, కోటేశ్వర్లు, వెంకటేశ్వర్లు ఉన్నారు కదా, వాళ్ళ లు-ని ఎవరూ అంత తక్కువ చేయలేదు.

వెన్నెల పుస్తకం:
పెంకుటిల్లు గారి మాట చాలావరకు నిజం. కానీ మా కోస్తా ఇళ్ళలో ఇంకో కారణం కూడా చూశాను. పేర్లు మరీ పొడుగు. వెంకట సత్య నాగ అలివేలు మంగతాయారు అని మొక్కులన్నీ కలిపి ఒకే పిల్ల మీద పెట్టేవాళ్ళు. బళ్ళో వేసేటప్పుడు మాస్టారు అన్నీ రాయలేక మొదటి అక్షరాలు మిగిల్చి చివరిదో, నచ్చినదో ఉంచేవారు. పిలిచే పేరు బుజ్జో, బేబీయో. అంటే అలివేలు పూర్తిగా పోలేదు, ఇంటిపేరు పక్కన పొడక్షరాల్లో దాక్కుంది. మీ చుట్టుపక్కల నలభై దాటిన ఆడవాళ్ళని అడగండి, "ఆ ఎ.ఎం. అంటే ఏమిటండీ" అని. కొందరిలోనైనా అమ్మవారు బయటికొస్తారు.

నల్లగొండ చెలక:
మా దగ్గర పొడుగు పేర్లు లేవు. అలివేలు అంటే అలివేలే. అయినా పోయింది. కాబట్టి నేను పెంకుటిల్లు గారి వైపే. ఇంకోటి, మా దగ్గర నాయనమ్మ, అమ్మమ్మ పేర్లు మనవరాళ్ళకి తిరిగి పెట్టే పద్ధతి ఉండేది. అది ఆగిపోయాక పాత పేర్లు తిరిగి రావడానికి దారే లేకుండా పోయింది. ఇప్పుడు జన్మనక్షత్రం అక్షరం చూసి, ఫోన్‌లో వెతికి, ఎవరికీ లేని పేరు పెడుతున్నారు. ఎవరికీ లేనిది కావాలంటే నిజానికి అలివేలే పెట్టాలి ఇవాళ!

తాళపత్రం:
ఇదే దారిలో వచ్చి ఇదే దారిలో తగ్గిపోతున్న చెల్లెళ్ళ పేర్లు కూడా చెప్పుకోవాలి. తాయారు: తమిళంలో తాయార్ అంటే అమ్మగారు, వైష్ణవ ఆలయాల్లో లక్ష్మీదేవిని అలా అంటారు. గోదారి గట్టు గారి నాయనమ్మ పేరులో మంగ, తాయారు రెండూ ఉన్నాయి. నాంచారి, నాంచారమ్మ: తమిళ నాచ్చియార్ నుంచి. మగపిల్లలకి నాంచారయ్య అని కూడా పెట్టుకున్నాం. వెంగమ్మ: వేంకటాన్ని తమిళంలో వేంగడం అంటారు, ఆ ధ్వనికి దగ్గరగా ఉన్న పేరు. తరిగొండ వెంగమాంబ గారు పద్దెనిమిదో శతాబ్దంలో పుట్టి తిరుమలలోనే ఉండిపోయి వేంకటాచల మాహాత్మ్యాన్ని తెలుగులో రాశారు. కొండ మీద అన్నప్రసాద భవనానికి ఆవిడ పేరే పెట్టారు.

ఈ పేర్లన్నీ తమిళ పాశురం, తెలుగు పదం, ఆడవాళ్ళ మొక్కు కలిసిన చోట పుట్టాయి.

మంగాపురం దారి:
తాయారు అనేది ఒకప్పుడు మా వైపు ఒంటరి పేరుగా కూడా ఉండేది. తాయారమ్మ, తాయారక్క. ఇప్పుడు గుళ్ళో అర్చకుల నోట వినడమే.

అలివేలు (నా అసలు పేరే):
ఈ చర్చ నా స్నేహితురాలు పంపింది. ఇక్కడ ఈ పేరున్న మనిషి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను.

నాకు నలభై దాటాయి. మా తరంలోనే ఈ పేరు తక్కువ. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు వెనక బెంచీల నుంచి నవ్వులు వచ్చేవి. వేలు చూపించేవాళ్ళు, ఎన్ని వేలు అని అడిగేవాళ్ళు. అమ్మ మీద అరిచాను ఎందుకు పెట్టావని. తను ఏమీ అనలేదు, తిరుచానూరు మొక్కు అంది, అంతే. ఉద్యోగంలో చేరాక పేరు మార్చుకుందామని ఫారం కూడా తెచ్చుకున్నాను. ఎందుకో నింపలేదు. ఇవాళ మా ఆఫీసులో మూడంతస్తుల్లో స్వాతి అంటే ఏ స్వాతి అని అడుగుతారు. అలివేలు మేడమ్ అంటే ఒక్కతే. పెద్దవాళ్ళు నా పేరు అడిగి, విని, ఒక్కసారి చేతులు జోడిస్తారు. అది నాకు కాదని తెలుసు, అయినా ఆ రోజంతా నా మాట మెత్తగా ఉంటుంది.

గోదారి గట్టు గారూ, పెట్టమని గానీ వద్దని గానీ నేను చెప్పను. పెడితే మాత్రం పాపకి ఊహ తెలియగానే అర్థం చెప్పండి. నాకు అర్థం ఇవాళ ఈ పేజీలో తెలిసింది. పువ్వు మీది అమ్మాయి అని పదిహేడేళ్ళప్పుడు తెలిసుంటే ఆ బెంచీల వైపు తిరిగి చెప్పేదాన్ని.

పెంకుటిల్లు:
అలివేలు గారూ, మీ మాట చదివి మా ఆవిడకి కూడా వినిపించాను. వాళ్ళ అమ్మమ్మ పేరు అలివేలమ్మ.

గోదారి గట్టు:
అందరికీ ఎంతో కృతజ్ఞతలు. అక్కకి మొత్తం చదివి వినిపించాను. బావగారు అలరువిలుకాడు దగ్గర ఆగి మళ్ళీ చదవమన్నారు. ఇంకా ఏదీ ఖాయం కాలేదు. అలివేలు ఒక్కటే పెట్టాలని అక్క, ముందు ఒక చిన్న పేరు చేర్చాలని బావగారు, అలమేలు అని పాత రూపంలో పెట్టాలని పెద్దమ్మ. ఆస్పత్రి వాళ్ళు పేరు ఇవ్వమని తొందరపెడుతున్నారు, దాంతో టెన్షన్‌గా ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎలా రాయాలో కూడా ఎవరైనా చెప్పగలరా?

లెక్కల మాస్టారు:
తొందరపడకండి. జనన నమోదు 21 రోజుల్లో జరగాలి, అది పుట్టుక నమోదు. పేరు లేకుండా కూడా నమోదు చేస్తారు. 1969 చట్టం ప్రకారం ఆ నమోదైన తేదీ నుంచి 12 నెలల లోపు రుసుం లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ళ వరకు రుసుం కట్టి చేర్చుకునే వీలుంది. కాబట్టి పెద్దమ్మగారూ, బావగారూ నిదానంగానే వాదించుకోవచ్చు.

శబ్దమూలం:
రూపం గురించి నా అభిప్రాయం, ఇది అభిప్రాయమే: నాయనమ్మగారి జ్ఞాపకం కోసం పెడుతుంటే అలివేలు అనే పెట్టండి. ఆవిడని అందరూ పిలిచిన పేరు అది. అలమేలు ఇంకా పాతది, మూలానికి దగ్గరిది, నిజమే. కానీ ఆవిడ అలమేలు కాదు కదా. ముందు చిన్న పేరు చేర్చడం కన్నా వెనక మంగ చేరిస్తే పాశురంలోని మాట పూర్తవుతుంది: అలివేలుమంగ. ఇంట్లో పిలవడానికి అలి, మంగ, వేలు, మూడు ముద్దుపేర్లు అందులోనే ఉన్నాయి.

స్పెల్లింగ్‌కి ఏ, ఎల్, ఐ, వి, ఇ, ఎల్, యు చాలు. చివర రెండు ఓలు, మధ్యలో రెండు ఈలు పెట్టకండి, ఒక్కో చోట ఒక్కోలా రాసేస్తారు. జనన ధ్రువపత్రంలో ఎలా ఉందో ఆధార్‌లో, బడి రికార్డులో అక్షరం తేడా లేకుండా అలాగే రాయించండి.

అలివేలు (నా అసలు పేరే):
స్పెల్లింగ్ విషయం గట్టిగా పట్టుకోండి. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఒకలా పడింది. సరిచేయించుకోవడానికి చాలా తిరిగాను. మంగ చేరిస్తే రెండు ముక్కలుగా రాయాలా, కలిపి రాయాలా అనేది కూడా ముందే అనుకోండి. కలిపి రాస్తేనే నయం. విడిగా రాస్తే మంగని ఇంటిపేరు గడిలో వేసేస్తారు.